మడతల పాటకు జవాబు

లాండ్రీ, మడతల హాలు పక్క మెట్లు
మార్చి 3, మంగళవారం, టీ వేళ

మూడు వందల మంది కలిసి నా నోరు మూయించారు. నువ్వు కళ్ళు మూసుకుని పాడుకుంటూ పోయావు.

అదీ నువ్వు చేసిన తప్పు. క్షేమ సమాచారాలు తర్వాత. పైన పిలుపు రాయలేదని అలిగితే అలుగు. ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో. ఫోన్‌లో నీ గొంతు ఉంటుంది. ఆ గొంతుతో నువ్వు "ఏమే" అన్నావంటే నా కోపం సగం కరిగి కారిపోతుంది. కాగితం మీద నీకు గొంతు లేదు. ఇక్కడ మనిద్దరం సమానం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ చుట్టూ ఉన్నవాళ్ళు నీకు ఇంకోలా చెప్పి ఉంటారు.

ఆదివారం మూడు గంటల కచేరీకి పొద్దుటి షిఫ్టు ముగించుకుని ఆ బట్టలతోనే వచ్చాను. అత్త ముందే వచ్చి మొదటి వరసలో కూర్చుంది, నీ కన్నతల్లి కాబట్టి. నాకు చివరి వరస వెనక, గోడ దగ్గర నిలబడే చోటు దొరికింది. గుమ్మం దగ్గర ఎవరో ఒక కాగితం చేతిలో పెట్టారు. "ఈ కచేరీలో ఏముంటుంది" అని పైన పెద్దక్షరాలు. నేను బడిలో చదివింది తక్కువే గానీ చేతికొచ్చిన కాగితం చదవకుండా వదలనని నీకు తెలుసు. రెండుసార్లు చదివాను. ఒక గిటారు, ఒక గొంతు ఉంటాయట. చెవులు పగిలే వాయిద్యాలు, మెరుపు దీపాలు ఉండవట. పాటకీ పాటకీ మధ్య ఆవిడ మీతో కబుర్లు చెబుతుందట. సొంత ఇంట్లో కూర్చున్నట్టే ఉంటుందట. ఆవిడ అడిగినప్పుడు మొహమాటం లేకుండా గొంతు కలపాలట.

గొంతు కలపమన్నది నేను కాదు, మీవాళ్ళు అచ్చువేయించిన కాగితం.

మొదటి నాలుగు పాటలు బాగున్నాయి. నాకు ఏడుపొచ్చింది, అది వేరే సంగతి. మూడో పాటకి చప్పట్లు అడిగావు, కొట్టాను. నాలుగో పాటలో మమ్మల్ని పాడమన్నావు, అందరితో పాటు నేనూ పాడాను. తర్వాత తీగలు సవరించుకుంటూ చెప్పావు, ఒకప్పుడు లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టేదాన్నని, ఈ పాట అక్కడే పుట్టిందని. జనం "అయ్యో" అన్నట్టు ఒక శబ్దం చేశారు. ఆ శబ్దం నాకు నచ్చలేదు. లాండ్రీలో పని చేయడం జబ్బు కాదు.

అప్పుడు మడతల పాట ఎత్తుకున్నావు. ఎడమ కాలితో అదే తాళం. "ఆ కొస నీ చేతిలో, ఈ కొస నా చేతిలో" అని పాడావు. "వదలనా?" అని అడిగావు. అడిగి ఆగావు.

నాలుగేళ్ళు, రోజుకి నాలుగు వందల దుప్పట్లు మనిద్దరం మడిచాం. ఎత్తి పట్టుకుంటే నీ ముఖం నాకు కనపడదు, నా ముఖం నీకు కనపడదు, మధ్యలో తెల్లటి గోడ. కొసలు నాకు అందించే ముందు నువ్వు "వదలనా?" అనాలి. నేను "పట్టుకున్నా" అనాలి. లేకపోతే దుప్పటి నేల మీద పడుతుంది, పడిందంటే మళ్ళీ ఉతుకుడుకి పోతుంది. ఆ ఆదివారం నా నోరు నన్నడిగి తెరుచుకోలేదు. అడిగిన మాటకి జవాబు చెప్పింది, అంతే.

నా గొంతు సంగతి తెలిసిందేగా, ఇక్కడ నన్ను సైరన్ అంటారు. ఉతికే యంత్రాల మోతను దాటడానికి తయారైన గొంతు అంత నిశ్శబ్దంలో ఎలా పడి ఉంటుందో నేనూ ఊహించగలను. అందరూ వెనక్కి తిరిగారు. "ష్" అన్నారు. ఒకరిద్దరు కాదు, వరసలకి వరసలు, ఆవిరి గొట్టం పగిలినట్టు. నా ముందు కుర్చీలో పెద్దమనిషి ఎంతో మర్యాదగా, "అమ్మా, ఇది వినే చోటు" అన్నాడు.

నువ్వు కళ్ళు తెరవలేదు. రెండో చరణంలోకి వెళ్ళిపోయావు.

బస్సులో అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దిగేముందు ఒకటే మాట అంది. "నీ గొంతు నాకు బాగానే వినపడింది. నా కూతురు ఆగి ఉండాల్సింది."

నువ్వు ఏ ఊళ్ళో ఏ హాల్లో ఉంటావో అత్తనడిగి రాస్తున్నాను. కాబట్టి అందలేదని చెప్పకు.

నీ మరదలు


కచేరీ హాలు, వేదిక వెనక గది
మార్చి 20, శుక్రవారం

నా మొండి మరదలికి,

నీ ఉత్తరం నా వెనకే మూడు హాళ్ళు తిరిగి ఇవాళ నన్ను పట్టుకుంది. కవరు మీద నీ అక్షరాలు చూసి సంబరంగా చింపాను. మొదటి వాక్యం చదివి కుర్చీలో కూలబడ్డాను. ఇంకెవరైనా అయితే "ఎలా ఉన్నావు" అని మొదలుపెట్టి పొడుస్తారు. నువ్వు పొడిచాక కూడా ఎలా ఉన్నావని అడగలేదు.

తల్లీ, నాకు వినపడలేదే. పాడేటప్పుడు చెవుల్లో చిన్న మిషన్లు పెడతారు, నా గొంతు, నా గిటారు తప్ప ఇంకేం వినపడవు. ఎదురుగా దీపం, దాని అవతల అంతా చీకటి. అయ్యాక సౌండ్ చూసే అతను చెప్పాడు, మధ్యలో ఎవరో అరిచారని. ఎవరో మందు తాగొచ్చారేమో అనుకున్నాను. అది నువ్వని తెలిస్తే ఊరుకుంటానా?

నిన్ను అలా ష్ అన్నందుకు నాకు బాధగానే ఉంది. కానీ వాళ్ళనీ ఏమనలేను. ఆ పాటలో "వదలనా?" తర్వాత నాలుగు తాళాలు ఖాళీ ఉంటుంది కదా, జనం అక్కడే ఏడుస్తారు. సౌండ్ అతను ఏమంటాడంటే, ఆ ఖాళీ కోసమే సగం మంది వస్తున్నారట. అడిగిన మాటకి జవాబు రాని బాధ ఎవరికి లేదు చెప్పు? అక్కడ మౌనమే పాట.

ఇంకెవరికీ ఇలాంటి ఇబ్బంది రాకూడదని మావాళ్ళు గుమ్మం దగ్గరిచ్చే కాగితం మారుస్తున్నారు. "మడతల పాట సమయంలో దయచేసి నిశ్శబ్దం పాటించండి" అని ఒక వాక్యం కలుపుతారు.

మే పదిహేడున మళ్ళీ మన ఊళ్ళోనే పాడుతున్నాను. ఈసారి అమ్మ పక్కన, మొదటి వరసలో నీ కుర్చీ. షిఫ్టు బట్టలతో రావద్దు అనను, వస్తే గర్వపడతాను.

ఇప్పుడు నీ ఎదుట ఎవరు మడుస్తున్నారు? నీ విసురుకి తట్టుకుంటున్నారా? రాయి.

ప్రేమతో,
వదిన


లాండ్రీ, మెట్లు
మార్చి 30, సోమవారం

అబద్ధం.

నీకు వినపడింది. నేను "పట్టుకున్నా" అన్న వెంటనే నీ ఎడమ కాలు ఆగింది. రెండు తాళాలు తప్పి మళ్ళీ అందుకుంది. మూడు వందల మందిలో ఇంకెవరూ చూసి ఉండరు. దుప్పటికి అవతల ఉన్న మనిషిలో నాలుగేళ్ళు నాకు కనపడింది ఆ కాళ్ళే. నీ ముఖం కంటే నీ ఎడమ కాలు నాకు బాగా తెలుసు. చెవుల్లో మిషన్లు పెట్టుకున్నావేమో, కాలికి పెట్టుకోలేదు.

నేను మందు తాగొచ్చానట. షిఫ్టు ముగించి, క్యాంటీన్ టీ తాగి వచ్చాను.

మౌనమే పాట అన్నావు చూడు, అది చదివాక వారం రోజులు నీకు జవాబు రాయలేదు, రాస్తే కాగితం చిరిగేది. ఇప్పుడు చేతులు కాస్త చల్లబడ్డాయి కాబట్టి రాస్తున్నాను, నిదానంగా చదువు.

నీ పాటలో ఒక మనిషి "వదలనా?" అని అడుగుతుంది. అవతలి మనిషి పలకదు. జనం ఆ పలకని మనిషి మీద జాలో కోపమో పెట్టుకుని ఏడుస్తారు. లాండ్రీలో పుట్టిన పాట అని నువ్వే చెప్పావు. లాండ్రీలో నీ అవతల ఉన్నది నేను. అంటే ఊరూరా, వారానికి రెండుసార్లు, జవాబు చెప్పని మనిషిని నేనే.

మరి ఆ రోజు ఏం జరిగింది? రెండేళ్ళుగా ఫోన్‌లో ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ రోజు గురించి మాత్రం ఎత్తలేదు. నువ్వు ఎత్తలేదని నేనూ ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను.

గురువారం, పదకొండు దాటింది. నీ గిటారు అప్పటికే గేటు దగ్గర వాచ్‌మన్ గదిలో ఉందని నాకు తెలీదు. పెద్ద దుప్పటి, ఆపరేషన్ గదిది. ఎత్తాం, విదిలించాం, సగానికి మడిచాం. నువ్వు పాడుతున్నావు. కొసలు అందించే చోటుకి వచ్చాం. నేను నోరు తెరిచి రెడీగా ఉన్నాను.

నువ్వు అడగలేదు వదినా. వదిలేశావు. దుప్పటి జారి తడి నేల మీద పడింది. దాని వెనక నువ్వు లేవు, తలుపు ఊగుతోంది.

రెండు కొసలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మేస్త్రి వచ్చి అడిగితే నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఆ దుప్పటి నేనే తీసుకెళ్ళి మళ్ళీ ఉతికాను. నువ్వు పాటగాళ్ళ బస్సు ఎక్కావని సాయంత్రం అత్త చెప్పాకే తెలిసింది. వెళ్ళావని నాకు కోపం లేదు. వెళ్ళాల్సిన దానివే, నీ గొంతు యంత్రాల మోతకి ఖర్చు కావాల్సింది కాదు. అడిగి ఉంటే నేనే గేటు దాకా గిటారు మోసేదాన్ని.

అడగనిది నువ్వు. పాటలో పలకనిది నేను. ఇప్పుడు కాగితం మీద "నిశ్శబ్దం పాటించండి" అని కూడా అచ్చువేస్తారట. రెండేళ్ళు పాటించాను, చాలు.

పాట మాత్రం బాగుంది. అదే నాకు మంట.

నా ఎదుట ఎవరున్నారని అడిగావు. ఉన్నారులే.

నీ మరదలు


బస్సులో, కిటికీ పక్క సీటు
ఏప్రిల్ 18, శనివారం

మరదలా,

అక్షరాలు వంకరగా వస్తే బస్సుని తిట్టు.

విన్నాను. నువ్వు అన్న మొదటి అక్షరానికే నువ్వని తెలిసింది. చెవుల్లో మిషన్లు నిజమే. నీ గొంతు వాటిని లెక్కచేయలేదు.

కళ్ళు ఎందుకు తెరవలేదో చెబుతాను, దీని మీద నన్ను ఏమన్నా పడతాను. తెరిస్తే నిన్ను చూస్తాను. చూస్తే పాట ఆపుతాను. ఆపితే ఆవిడెవరో జనానికి చెప్పాలి. చెబితే ఈ పాటలో ఉన్నది అబద్ధమని అందరికీ తెలుస్తుంది. ఇదంతా నాలుగు తాళాల్లో ఆలోచించలేదు. భయం వేసింది, కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. ఒకసారి దుప్పటి వెనక నుంచి పారిపోయినదాన్ని, రెప్పల వెనక్కి పారిపోవడం ఎంత పని?

ఆ గురువారం అడగాలనే అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. నేను "వదలనా?" అంటే నువ్వు అలవాటుగా "పట్టుకున్నా" అంటావు. దేనికి అంటున్నావో నీకు తెలీకుండానే అంటావు. దొంగతనంగా నీ దగ్గర సెలవు తీసుకున్నట్టు ఉంటుంది. అసలు సంగతి చెప్పి అడుగుదామంటే, నువ్వు ఏడిస్తే ఆగిపోతాను, నవ్వి పంపిస్తే జన్మంతా సిగ్గుపడతాను. రెండూ వద్దని పరిగెత్తాను. నువ్వు మేస్త్రికి నాకు ఒంట్లో బాగాలేదని చెప్పావని ఇవాళే తెలిసింది. నిజమే చెప్పావు.

పాట మొదట రాసినప్పుడు అందులో దుప్పటి కింద పడింది. అడగకుండా వదిలేసిన చరణం ఒకటి రాశాను. పాడి చూసుకుంటే అందులో నేను చెడ్డదాన్ని. ఆ చరణం తీసేసి, అడిగినట్టు, నువ్వు పలకనట్టు మార్చాను. జనం ఏడ్చారు. జనం ఏడుస్తుంటే అబద్ధం కూడా నిజంలా వినపడుతుందే, నాకు కూడా.

ఇప్పుడు ఆ పాట నాకు రావడం లేదు. నీ ఉత్తరం వచ్చాక నాలుగు హాళ్ళలో పాడబోయాను. "వదలనా?" దాకా వెళ్ళగానే కాలు ఆగిపోతుంది. పోయిన శనివారం మధ్యలో వదిలేసి తర్వాతి పాటకి వెళ్ళిపోయాను. చివర్లో జనం అదే కావాలని అడిగారు. గొంతు బాగాలేదన్నాను. సౌండ్ అతను నా వంక చూసిన చూపు నీకు నచ్చి ఉండేది.

నిశ్శబ్దం వాక్యం కొట్టేయించాను. మే పదిహేడుకి కాగితం నువ్వే రాయి, ఏముంటుందో నీకు తోచినట్టు రాయి, అక్షరం మార్చకుండా అచ్చువేయిస్తాను. ఇంకొకటి అడుగుతాను. ఆ రోజు వేదిక మీద నా పక్కన కుర్చీ వేయిస్తాను, మైకు పెట్టిస్తాను. పాటలో నీ జవాబు నువ్వు చెప్పు. నువ్వు రాకపోతే ఆ పాట ఇక పాడను. బెదిరింపు కాదు, చేతకాక.

చివరగా ఒక మాట. మడతల యంత్రం వచ్చిందటగా. అమ్మ చెప్పింది. మరి నీ ఎదుట ఎవరంటే "ఉన్నారులే" అని నాకెందుకు రాశావే?

వదిన


లాండ్రీ, మడతల హాలు
మే 4, సోమవారం

వదినకి,

ఈసారి పిలుపు పైనే రాశాను చూశావా, అంత మెత్తబడ్డానని మాత్రం అనుకోకు.

యంత్రం అక్టోబరులో వచ్చింది. లారీ పొడుగు ఉంటుంది. ఈ పక్క దుప్పటి కొస పెడితే లోపలికి లాక్కుని, ఆ పక్క నాలుగు మడతలతో బయటికి తోస్తుంది. తిడదామని చాలా చూశాను, తిట్టడానికి ఏమీ లేదు. కింద పడెయ్యదు. మడత వంకర పోదు. నడుం నొప్పి కూడా తగ్గింది, అది ఒప్పుకోవాలి. నా పని దానికి కొసలు అందించడం. అది ఏమీ అడగదు. ఎనిమిది గంటల షిఫ్టులో టీ వేళ తప్ప నాకు నోటితో పని లేదు. సైరన్ అని పిలిచేవాళ్ళు కూడా మానేశారు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు ఆ జనం చేసినట్టు "అయ్యో" అంటావని. ఇప్పుడు చెబుతున్నాను, అనకు. ఆ ఆదివారం నా నోరు అంత తొందరపడింది కూడా అందుకే. అప్పటికి అయిదు నెలలుగా నన్నెవరూ అడగలేదు. నువ్వు వేదిక మీద నుంచి అడిగావు, అది పాటని నాకు గుర్తుంటే కదా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెడ్డదాన్ని కావడం ఇష్టం లేక నన్ను మూగదాన్ని చేశావన్నమాట. ఈ ముక్క ఇంత సూటిగా నువ్వే రాశావు కాబట్టి నేను మళ్ళీ రాసి నొప్పించను. దొంగసెలవు తీసుకోకూడదనుకున్నావు చూడు, ఆ వాక్యం మాత్రం వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. నాకు తెలీదు అది.

కాగితం రాశాను. అక్షరం మార్చనన్నావు, గుర్తుంచుకో.

"ఈ కచేరీలో ఏముంటుంది. ఒక మనిషి, ఒక గిటారు, ఒక స్టూలు ఉంటాయి. మూడు గంటలంటే మూడుంబావుకి వస్తుంది. తిట్టుకోకండి, వెనక గదిలో భయపడుతూ ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య గిటారు బిరడాలు తిప్పుతూ ఏదేదో చెబుతుంది, అందులో సగం జరిగింది, సగం అప్పటికప్పుడు తోచింది. గొంతు పైకి వెళ్ళేచోట కాస్త చీలుతుంది, జలుబు అనుకోకండి, అక్కడే ఆవిడ పనితనం ఉంది. రెండో పాటకే మీకు మీవాళ్ళు ఎవరో గుర్తొచ్చి ఫోన్ తియ్యాలనిపిస్తుంది. పాట రికార్డు చేయడానికి తియ్యకండి, బయటికెళ్ళి వాళ్ళకే చేయండి. ఏడుపొస్తే ఏడవండి, పక్కవాళ్ళు చూడరు, వాళ్ళూ అదే పనిలో ఉంటారు. చప్పట్లు అడిగితే కొట్టండి, తాళం తప్పినా ఫరవాలేదు, ఆవిడకీ తప్పుతుంది. ఆఖరి పాట మైకు లేకుండా మీ మధ్యకి వచ్చి పాడుతుంది, అప్పుడు కుర్చీలు కదపకండి. లాండ్రీ పేరు వింటే అయ్యో అనకండి, మీరు ఆసుపత్రిలో పడుకునేది ఆ దుప్పట్ల మీదే. మడతల పాటలో ఆవిడ ఒక మాట అడుగుతుంది, వెనక గోడ దగ్గర నుంచి ఒకరు జవాబు చెబుతారు. గట్టిగా ఉంటుంది. తిరిగి చూడొచ్చు. ష్ అనకూడదు. ఆ పాట ఇద్దరిది."

ఇది మీ సౌండ్ మనిషికి ముందే చూపించు, నేను నోరు తెరిచాక కంగారుపడకుండా ఉంటాడు.

వేదిక మీద కుర్చీ నాకొద్దు. మైకు అసలే వద్దు, నా గొంతుకి అది ఎందుకో నువ్వే ఆలోచించు. నేను వెనక గోడ దగ్గరే ఉంటాను. మన మధ్య ఆ మాత్రం దూరం లేకపోతే అడగడం దేనికి?

అయితే నేను జవాబు చెప్పాలంటే నాదొక షరతు. బతిమాలడం కాదు, అడుగుతున్నాను.

ఈ నెల పదమూడు, బుధవారం, యంత్రాన్ని విప్పి బాగుచేస్తారు. ఆ ఒక్క రోజు ఆసుపత్రి దుప్పట్లన్నీ మళ్ళీ చేత్తోనే మడవాలి. జంటకి నాలుగు వందలు. ఒక కొసకి నేను ఉన్నాను. రెండో కొసకి నువ్వు రావాలి. పదిహేడున కచేరీ, అంతకు నాలుగు రోజుల ముందు మీవాళ్ళు నిన్ను కదలనివ్వరని తెలుసు. అయినా రావాలి. పొద్దున ఆరుకి గేటు, జుట్టుకి టోపీ. నీ కుడిచేతి గోళ్ళు ఇప్పుడు తీగలు మీటడానికి పెంచుతున్నావట. అవి దుప్పటి నూలుకి తగులుకుంటాయి, మొదలంటా కత్తిరించుకుని రా. గోళ్ళు లేకపోతే గిటారు చప్పుడు మెత్తబడుతుందంటావు. మెత్తబడనీ, పదిహేడున జనం కొంచెం ముందుకి వంగి వింటారు.

తీసేసిన చరణం కూడా తెచ్చుకో. నువ్వు చెడ్డదానివైన చరణం. మడుస్తూ పాడు, వింటాను. ఎంత చెడ్డదానివో నేను చెబుతాను, నువ్వు అనుకున్నంత ఉండవు. కొసలు అందించే చోట ప్రతిసారీ అడుగు, నాలుగు వందల సార్లూ అడుగు. నేను ప్రతిసారీ పలుకుతాను. సాయంత్రానికి మన గొంతులు పోతే పోనీ.

మేస్త్రికి ఇంకా నీ సంగతి చెప్పలేదు. బుధవారం ఎవరి ఎదుట ఎవరు నిలబడాలో జాబితా సోమవారం పొద్దున్నే గోడకి అంటిస్తాడు. నా ఎదుట గడి ఖాళీగా ఉంచమని అడిగాను, ఆదివారం దాకా ఉంచుతానన్నాడు.

శనివారం, తొమ్మిదో తేదీ టీ వేళకి నీ జవాబు నా చేతిలో ఉండాలి. వస్తావో రావో ఒక్క మాట రాయి, పాట రాయకు. ఆ వేళకి రాకపోతే ఆ గడిలో ఇస్త్రీ విభాగం నుంచి ఎవరినో ఒకరిని రాయించేస్తాను.

నీ మరదలు